నలభై మంది విన్న చిటికెన వేలు

దీర్ఘవ్యాధులున్న రోగులు తమ జబ్బును తామే చూసుకునేలా వారికి ఎలా తోడ్పడాలో నేర్చుకోవడానికి ఆసుపత్రి సిబ్బంది మూడు రోజుల శిక్షణకు వెళ్తున్నందున, ఆ మూడు రోజులూ రోగులు తమ జబ్బును తామే చూసుకోవలసిందిగా కోరడమైనది.

ఈ ప్రకటన మంగళవారం పొద్దున్న కట్లు కట్టే గది తలుపు మీద అతికించి ఉంది. గోడ మీద ఏ కాగితం కనిపించినా చివరి అక్షరం దాకా చదవడం నాకు అలవాటు. కాబట్టి కింద ఉన్న సంతకం, దాని కింద తేదీ, ఆ కింద సన్నటి అక్షరాల్లో ఉన్న అచ్చు వేసినవాళ్ళ చిరునామా కూడా చదివాను. ఎక్కడా అచ్చుతప్పు లేదు. శిక్షణ వల్ల రావలసిన ఫలితాన్ని శిక్షణ మొదలు కాకముందే సాధించిన ఆసుపత్రి ఇంకొకటి ఉంటుందనుకోను.

మా అక్క బెంచీ మీద కూర్చుని ఉంది. ఆమెకు షుగరు వచ్చి ఇరవై ఆరేళ్ళు. ఈ జబ్బును చూసుకున్నంత శ్రద్ధగా తనను ఏనాడూ చూసుకోలేదని మా బావ అంటూ ఉండేవాడు. రోజూ వేలికి సూది గుచ్చుకుని, వచ్చిన అంకెను గళ్ళ నోటుపుస్తకంలో రాస్తుంది. ఏం తిన్నదీ, ఎంత నడిచిందీ, ఎవరి మీద కోపం వచ్చిందీ కూడా పక్కనే రాస్తుంది. కోపం వస్తే షుగరు పెరుగుతుందని ఏ డాక్టరూ చెప్పకముందే ఆమె కనిపెట్టింది. ఆ పుస్తకంలో నా పేరు చాలాసార్లు ఉంది.

ఆమెకు చేతకానిది ఒక్కటే. తన పాదం తాను చూసుకోలేదు. మోకాళ్ళు వంగవు. పాదాల్లో స్పర్శ పోయి చాలాకాలమైంది. చెప్పులో మేకు దిగినా తెలియదు. నాకేమో రెండు కళ్ళలోనూ శుక్లాలు. అందుకే ప్రతి మంగళవారం ఈ గదికి వస్తాం.

ఈ గదిలో ఉండే నర్సును మేం కట్లమ్మ అంటాం. బెంచీ మీద కూర్చునేవాళ్ళం పెట్టుకున్న పేరు అది. ఆమె పద్ధతి చాలా పాతది. కిందుగా పీట వేసుకుని కూర్చుంటుంది. రోగి పాదం ఎత్తి ఒళ్ళో పెట్టుకుంటుంది. కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి ఒక్కో వేలూ విడదీసి చూస్తుంది, వాసన చూస్తుంది, దూదితో తాకి "తెలుస్తోందా?" అంటుంది. చూస్తున్నంతసేపూ ఇంటి సంగతులు అడుగుతుంది. ఇందులో శాస్త్రీయత ఏమీ లేదని ఆ వారంలోనే మాకు తెలిసింది.

ఆ పొద్దున్న అక్క కుడి మేజోడు మీద, చిటికెన వేలు దగ్గర, కందిగింజంత మరక కనిపించింది. మేజోడు విప్పి కిటికీ వెలుగులో చూశాను. చిటికెన వేలికీ పక్క వేలికీ మధ్య తెల్లగా, తడిగా ఏదో ఉంది. నా కళ్ళకు తెలిసింది అంతే. ముక్కుకు ఇంకొంచెం ఎక్కువ తెలిసింది.

మా బావది కూడా వేలితోనే మొదలైంది. మొదట వేలు, తర్వాత పాదం, తర్వాత మోకాలి దాకా. కొందరు ఒక్కసారిగా వెళ్ళిపోతారు; మా బావ విడతలవారీగా వెళ్ళాడు. కాబట్టి ఆ మరక ఏమిటో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. చెప్పగలిగిన మనిషి ఒకరు చూస్తే చాలు.

అత్యవసర విభాగానికి వెళ్ళాం. కౌంటరులో ఉన్న అమ్మాయి మర్యాదస్తురాలు.

"ఎన్నాళ్ళ నుంచి ఉందమ్మా జబ్బు?"

"ఇరవై ఆరేళ్ళు" అంది అక్క.

"ఇరవై ఆరేళ్ళ నుంచీ ఉన్నది అత్యవసరం ఎలా అవుతుంది పెద్దమ్మా? ఇక్కడ అప్పటికప్పుడు వచ్చినవే చూస్తాం."

"జబ్బు అప్పటిది తల్లీ. పుండు మాత్రం తాజాదే."

"పుండు షుగరు వల్ల వచ్చిందేగా? అయితే అది షుగరు కిందికే వస్తుంది. శుక్రవారం రండి, అప్పటికి శిక్షణ అయిపోతుంది. ఇంకా బాగా చూస్తారు."

మరో ఆసుపత్రికి పోదామంటే ఇక్కడి డాక్టరు చీటీ రాయాలి. చీటీ రాసే డాక్టరు శిక్షణలో ఉన్నాడు. కట్లమ్మ ఎక్కడుందని అడిగితే శిక్షణలోనే ఎక్కడో ఉంటుందన్నారు. మళ్ళీ వచ్చి అదే బెంచీ మీద కూర్చుని అదే ప్రకటన ఇంకోసారి చదివాను. రెండోసారి కూడా బాగుంది.

అప్పుడే శిక్షణ ఏర్పాట్లు చూసే సమన్వయకర్తగారు చెమటలు తుడుచుకుంటూ వరండాలోకి వచ్చారు. మెడలో తాడు, తాడుకు పేరున్న బిళ్ళ. శిక్షణలో రోగి వేషం వేయడానికి ఒక నాటకాల ఆయనను కుదుర్చుకున్నారట. ఆయనకు జబ్బు చేసింది. జబ్బుపడ్డ మనిషి రోగి వేషానికి పనికిరాడు కాబట్టి ఇంకెవరైనా కావాలి.

"మీలో కాస్త స్పష్టంగా మాట్లాడేవాళ్ళు ఎవరు?" అని అడిగారు.

బెంచీ మొత్తం మా అక్క వైపు చూసింది.

అక్కకు ఇష్టం లేదు. "నేను వేషాలేమిటే, నీకేమైనా మతి పోయిందా?" అని నా మీద విసుక్కుంది. నేనే బతిమాలాను. "అక్కా, అక్కడ నలభై మంది డాక్టర్లూ నర్సులూ ఉంటారు. ఒకరు కాకపోతే ఒకరు నీ కాలు చూడరా? పొమ్మన్నా పోవద్దు. వెళ్ళు." ఆ మాట అన్నది నేనే. నలభై అని లెక్కపెట్టి మరీ అన్నాను.

రోగి కుటుంబ సభ్యురాలిగా నన్నూ లోపలికి రానిచ్చారు. మాట్లాడకూడదని మాత్రం షరతు పెట్టారు. కుటుంబ సభ్యులకు వేరే శిక్షణ ఉందట. అది వచ్చే ఏడాది.

హాలు చల్లగా ఉంది. బల్లలకు తెల్లగుడ్డలు కట్టారు. ప్రతి కుర్చీ ముందూ ఒక నీళ్ళ సీసా, ఒక పెన్ను, 'మీ జబ్బు - మీ చేతిలో' అని అచ్చువేసిన సంచీ. ప్రారంభోపన్యాసం ఆసుపత్రి సంచాలకులవారు చేశారు.

"ఇంతకాలం మనం రోగి చెయ్యి పట్టుకుని నడిపించాం. దానివల్ల రోగికి ఏం జరిగింది? చెయ్యి పట్టుకునే అలవాటైంది! ఈ రోజు నుంచి మనం రోగి చేతిని రోగికే అప్పగిస్తున్నాం. ఇది మామూలు అప్పగింత కాదు. ఇది చారిత్రాత్మకమైన అప్పగింత!"

చప్పట్లు మోగాయి. అక్క తన చేతులు ఒకసారి ఇటూ అటూ తిప్పి చూసుకుని ఒళ్ళో పెట్టుకుంది.

తర్వాత శిక్షకులవారు లేచారు. పదకొండు నగరాల్లో వినడం నేర్పిన మనిషి. రోగి మాటలు మధ్యలో ఆపకుండా వినడం ఎంత ముఖ్యమో ఆయన మూడున్నర గంటలసేపు చెప్పారు. సందేహం అడగబోయిన ఒక ముసలి డాక్టరును, సమయం లేదంటూ రెండుసార్లు కూర్చోబెట్టారు. రోగి మాట్లాడటం మొదలుపెట్టిన పదకొండో సెకనుకు డాక్టరు అడ్డం వస్తాడని ఏదో లెక్కలో తేలిందట. ఇకపై రెండు నిమిషాలు ఆగాలి. ఆగడానికి వీలుగా ప్రతి ఒక్కరికీ ఒక చిన్న గడియారం ఇచ్చారు. దానిని బల్ల మీద రోగికి కనపడకుండా, తమకు మాత్రం కనపడేలా పెట్టుకోవాలి.

మార్కుల కాగితం కూడా పంచారు. నా దగ్గర ఒకటి మిగిలిపోయింది కాబట్టి ఉన్నదున్నట్టు చెప్పగలను. రోగి కళ్ళ ఎత్తులో కూర్చుంటే ఒక మార్కు. రెండు నిమిషాలు మధ్యలో మాట్లాడకుండా ఉంటే రెండు. తల కనీసం మూడుసార్లు ఊపితే ఒకటి. రోగి అన్న మాటను తిరిగి రోగికే చెబితే మూడు. "మరి మీరేం చేద్దామనుకుంటున్నారు?" అని అడిగితే రెండు. రోగిని అభినందిస్తే ఒకటి. వెరసి పది. సలహా ఇస్తే సున్నా. రోగి చేయాల్సిన పని తాము చేస్తే సున్నా. ఏడు మార్కులు వస్తే ఉత్తీర్ణత. ఉత్తీర్ణులైన వారికే ఇకపై దీర్ఘవ్యాధుల రోగులను చూసే అర్హత.

రోగిని చూస్తే ఎన్ని మార్కులో అందులో లేదు. అచ్చు తప్పిందేమో అనుకుని వెనక్కి తిప్పి కూడా చూశాను. వెనక నీళ్ళ సీసాల కంపెనీ ప్రకటన ఉంది.

అక్కకు ఇచ్చిన పాత్ర వివరాలు ఒక పేజీ. యాభై రెండేళ్ళ పురుషుడు, బస్సు డ్రైవరు, ఊపిరి ఆడని జబ్బు, సిగరెట్లు మానలేకపోతున్నాడు. షుగరున్న మనిషికి షుగరు పాత్రే ఇవ్వవచ్చు కదా అని అక్క అడిగితే శిక్షకులవారు నవ్వారు. అసలు రోగం ఉన్నవాళ్ళు దాని గురించే మాట్లాడుతూ కూర్చుంటారు, అభ్యాసం పక్కదారి పడుతుంది అన్నారు. అందులోని న్యాయం అక్క కూడా ఒప్పుకుంది.

బుధవారం పొద్దున్న అభ్యాసం మొదలైంది. మేజోడు మీద మరక అప్పటికి చింతగింజంత అయింది. రోజుకు ఇరవై మంది, మనిషికి ఎనిమిది నిమిషాలు. మొదటివాడు కుర్రడాక్టరు. గడియారం నొక్కాడు.

అక్క నిజాయితీ గల మనిషి. ఒప్పుకున్న పని మధ్యలో వదలదు. "నేను బస్సు డ్రైవర్ని బాబూ. సిగరెట్లు మానలేకపోతున్నాను" అని ముందు ఆ పని పూర్తి చేసింది. తర్వాత గొంతు తగ్గించి, "అది అలా ఉంచు నాయనా. నా కుడికాలి చిటికెన వేలి దగ్గర పుండు పడింది. ఒక్కసారి వంగి చూడు" అంది.

కుర్రడాక్టరు తల మూడుసార్లు ఊపాడు. రెండు నిమిషాలు అయ్యేదాకా ఆగాడు.

"అంటే, మీ కుడికాలి చిటికెన వేలి దగ్గర పుండు పడిందని మీకు అనిపిస్తోందన్నమాట."

"అనిపించడం కాదు బాబూ, పడింది."

"పడిందంటున్నారు." మళ్ళీ తల ఊపాడు. "మరి దాని గురించి మీరేం చేద్దామనుకుంటున్నారు?"

"నీకు చూపిద్దామనుకుంటున్నాను."

"చాలా మంచి ఆలోచన. ఆ ఆలోచన మీకే వచ్చినందుకు అభినందనలు."

గంట మోగింది. శిక్షకులవారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. "గమనించారా? డ్రైవరు! బ్రేకు తొక్కే కాలు! కుడి కాలు! ఆ మనిషి ఆందోళనంతా ఆ కాల్లోకి వచ్చి చేరింది. మనం రాసిచ్చిన పాత్రలో ఇది లేదు. ఈ అమ్మగారు పాత్రలో ఎంత లోతుకు దిగారో చూడండి!"

అక్క నా వైపు చూసింది. నేను మాట్లాడకూడదు. మాట్లాడలేదు. ఆ సంగతి గురించి ఇప్పటికీ అక్క నన్ను ఒక్కమాట అనలేదు, అంటే బాగుండును.

అక్కడినుంచి వరసగా వచ్చారు. ఎవరినీ తప్పు పట్టడానికి లేదు. ఆహార నిపుణురాలు అక్క మాటను తిరిగి చెప్పిన తీరు అక్క చెప్పినదానికన్నా బాగుంది. వ్యాయామాలు చేయించే ఆయన రెండు నిమిషాలకు బదులు మూడు నిమిషాలు మౌనంగా ఉండి అదనపు ప్రశంస పొందాడు. పన్నెండో ఆయన ఆ మౌనంలోనే కళ్ళు మూసుకున్నాడు. తల మాత్రం ముందుకు వాలుతూ లేస్తూ ఉంది. ఊపినట్టే లెక్కించి మార్కులు వేశారు. సీనియర్ డాక్టరుగారు ఇరవై ఏళ్ళుగా రోగిని నోరు తెరవనివ్వని మనిషి. ఆయన పెన్ను మూత పళ్ళ మధ్య కరిచిపట్టుకుని రెండు నిమిషాలు దాటించారు. హాలంతా ఊపిరి బిగబట్టి చూసింది. గంట మోగగానే ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఇన్నేళ్ళ వృత్తిలో ఒక రోగి మాట పూర్తిగా వినడం ఇదే మొదటిసారి" అన్నారు. ఆ మాట ఏమిటో ఆయనను ఎవరూ అడగలేదు.

పదిహేడో ఆయన శస్త్రచికిత్స డాక్టరు. సన్నటి వేళ్ళు, మంచి మాట. అక్క ఆయనను చూసి ఆశపడింది. "నువ్వు కోసే డాక్టరువి కదా బాబూ, నీకు చూడగానే తెలుస్తుంది" అంది.

"నాకు చూడగానే తెలుస్తుందని మీ నమ్మకం" అన్నాడాయన మృదువుగా. ఆయనకు తొమ్మిది వచ్చాయి. అభినందించడం మరచిపోయాడట.

సాయంత్రం ఇంటికి వెళ్తూ అక్క నవ్వింది. "చూశావటే, ఒక్కరు కూడా మరచిపోలేదు. నేను పుండు అంటే పుండు అన్నారు. కురుపు అంటే కురుపు అన్నారు. మీ బావ ఇలా విని ఉంటే నేను ఇన్ని మాటలు పడేదాన్ని కాదు."

"రేపు ఇంకో ఇరవై మంది ఉన్నారుగా అక్కా" అన్నాను. అప్పటికీ నా లెక్క నాదే.

గురువారం పొద్దున్నకు పాదం వాచింది. చెప్పు పట్టలేదు. నా పాత చెప్పు పట్టీ కత్తిరించి తొడిగాను. ఒళ్ళు వెచ్చగా ఉంది. ముఖం ఎర్రబడి, కళ్ళు మెరుస్తున్నాయి. ఆమెను చూడగానే శిక్షకులవారు, "ఈ రోజు ఇంకా బాగా వచ్చింది, శ్రమపడే డ్రైవరు ముఖం!" అన్నారు. ఇరవై ఒకటో మనిషి నుంచి నలభయ్యో మనిషి దాకా అందరూ పుండు సంగతి విన్నారు. మధ్యాహ్నానికి అక్క డ్రైవరు సంగతి పూర్తిగా వదిలేసింది. "బాబూ, కాలు" అని మాత్రం అంటోంది. మాట చిన్నదైనందువల్ల తిరిగి చెప్పడం వాళ్ళకు ఇంకా సులువైంది.

నలభై పూర్తయ్యాక సమన్వయకర్తగారు జాబితా చూసి కంగారుపడ్డారు. శిక్షణకు మంజూరైన సంఖ్య నలభై ఒకటి. ఒకరు తక్కువ. ఎవరో పైకి పరుగెత్తి, మేడ మీద గదిలోనుంచి కట్లమ్మను పిలుచుకొచ్చారు.

ఆమె అక్కడ ఉందని అప్పుడే తెలిసింది. చేతిరాత గుండ్రంగా ఉంటుందని మూడు రోజులుగా ఆమెను అక్కడ కూర్చోబెట్టి ఉత్తీర్ణతా పత్రాల మీద పేర్లు రాయిస్తున్నారు. నలభై రాసింది. తన పేరు చివర రాసుకుందామని ఒకటి ఖాళీగా ఉంచింది. వేళ్ళకు సిరా అంటి ఉంది.

కట్లమ్మ గుమ్మంలోనే ఆగింది. ముక్కు ఎగబీల్చింది. మేం నలభై మార్కుల కాగితాలు నిండేంతసేపు ఆ గదిలో ఉన్నాం. వాసన అనే మాట అప్పటిదాకా అక్కడ ఎవరి నోటా రాలేదు. ఆమె కుర్చీ పక్కకు నెట్టి, తిన్నగా వచ్చి నేలమీద చతికిలబడింది.

"ఏ కాలు పెద్దమ్మా?"

"కుడిది తల్లీ" అంది అక్క. అని, మూడు రోజుల్లో మొదటిసారి ఏడ్చింది.

"గడియారం నొక్కలేదు మీరు" అన్నారు శిక్షకులవారు.

కట్లమ్మ అప్పటికే చెప్పు తీసేసింది. మేజోడు చర్మానికి అంటుకుపోయి ఉంది. బల్ల మీదున్న నీళ్ళ సీసా తెరిచి తడిపి, నెమ్మదిగా ఒలిచింది. పాదం ఒళ్ళో పెట్టుకుని వేళ్ళు విడదీసింది. ముందు వరసలో కూర్చున్నవాళ్ళు వెనక్కి జరిగారు.

"ముందు ఆవిడ ఏమంటున్నారో విని, దాన్ని తిరిగి ఆవిడకే..."

"ఎన్నాళ్ళయింది పెద్దమ్మా ఇది?"

"మంగళవారం నుంచి. అందరికీ చెప్పానమ్మా. నలభై మందికీ చెప్పాను."

కట్లమ్మ తల ఎత్తి హాలంతా చూసింది. "సార్" అంది సీనియర్ డాక్టరుగారితో, "వేలు నల్లబడింది. ఎరుపు మడమ దాకా పాకింది. జ్వరం కూడా ఉంది. ఇక్కడ ఇంకో గంట కూర్చోబెడితే కాలే పోతుంది. లేవండి సార్."

సీనియర్ డాక్టరుగారు లేవబోయి, ఆగి, లేవవచ్చునా అన్నట్టు శిక్షకులవారి వైపు చూశారు. గంట మోగింది. అప్పుడు లేచారు.

కట్లమ్మ మార్కుల కాగితం నేను తర్వాత చూశాను. గడియారం నొక్కలేదు, సున్నా. తల ఊపలేదు, సున్నా. మాట తిరిగి చెప్పలేదు, సున్నా. రోగి బాధ్యతను రోగి చేతిలోనుంచి లాక్కున్నారు, సున్నా. కళ్ళ ఎత్తులో కూర్చోవడానికి మాత్రం అరమార్కు వేశారు. ఆమె అంతకన్నా కింద కూర్చుంది కాబట్టి పూర్తి మార్కు ఇవ్వడానికి నియమాలు ఒప్పుకోలేదు. కాగితం కింద ఒక వాక్యం రాసి ఉంది: 'ఈమెకు వినే ఓపిక లేదు.'

ఆపరేషను గది తలుపు దగ్గర అక్క తన కళ్ళజోడు, గళ్ళ నోటుపుస్తకం, చేతిసంచీ నాకు ఇచ్చింది. ఇలాంటి తలుపుల దగ్గర నేను చాలామంది కళ్ళజోళ్ళు పట్టుకుని నిలబడ్డాను. మా అమ్మది, మా ఆయనది, మా బావది. "ఇప్పుడే వస్తా" అనే అన్నారు అందరూ. ఆ మాట అక్క నోటినుంచి వినకూడదని నేను తల తిప్పుకున్నాను.

"ఇప్పుడే వస్తాననను పోవే" అంది అక్క స్ట్రెచరు మీదనుంచి. "మీ బావ అలాగే అని మోసం చేశాడు. నాకు ఆలస్యమవుతుంది. నువ్వు ఏదైనా తిను."

లోపలికి తీసుకెళ్తుంటే ముఖానికి గుడ్డ కట్టుకుంటున్న డాక్టరును ఆమె గుర్తుపట్టింది. సన్నటి వేళ్ళు.

"బాబూ, నీకు నిన్ననే చెప్పాను కదూ?"

"చెప్పారమ్మా" అన్నాడు పదిహేడో ఆయన. "చాలా బాగా చెప్పారు."

తలుపు మూసుకుంది.

నేను బయట నిలబడి ఉండగానే సమన్వయకర్తగారు వెతుక్కుంటూ వచ్చారు. ముగింపు సభ మొదలైందట. ఉత్తమ రోగి బహుమతి అక్కకు వచ్చింది. ఆమె తరఫున ఎవరో ఒకరు అందుకోవాలి. రానంటే వినలేదు. వినడంలో ఆయన శిక్షణ పొందలేదు. ఆయన ఏర్పాట్లు చూసే మనిషి.

బహుమతి ఏమిటో విప్పాక తెలిసింది. పొడుగాటి పిడి ఉన్న అద్దం. వంగలేని షుగరు రోగులు తమ అరికాలు తామే చూసుకోవడానికి పనికొచ్చేది. ఇలాంటివి రెండు వందలు రెండేళ్ళ కిందటే వచ్చాయట. రోగులకు ఇవ్వాలంటే వాడటం నేర్పాలి, నేర్పాలంటే సిబ్బందికి శిక్షణ ఉండాలి. అందుకని శిక్షణ అయ్యేదాకా బీరువాలో పెట్టి తాళం వేశారు. అంత జాగ్రత్తగా దాచబట్టే ఒక్కటీ పగలలేదు.

సంచాలకులవారు నన్ను రెండు మాటలు చెప్పమన్నారు. మైకు ముందు నిలబడ్డాను. ఒక చేతిలో అక్క కళ్ళజోడు, ఒక చేతిలో అద్దం. నోరు తెరిచాను. మాట రాలేదు.

ఎవరూ కదల్లేదు. ఎవరూ దగ్గలేదు. హాల్లో ఉన్నవాళ్ళందరూ నా ముఖంలోకి చూస్తూ నెమ్మదిగా తలలు ఊపుతూ ఆగారు. రెండు నిమిషాలు నిండుగా ఆగారు. ఎక్కడో ఎవరి గడియారమో సన్నగా కూసింది. అప్పుడు చప్పట్లు కొట్టారు. శిక్షకులవారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. శిక్షణ ఫలించిందనడానికి అంతకన్నా నిదర్శనం నేనూ ఎరగను.

అక్క వచ్చింది. ఆలస్యంగానే వచ్చింది. చిటికెన వేలు, దాని పక్క వేలు లేకుండా వచ్చింది. కాలు దక్కింది. మంగళవారమే చూసి ఉంటే పుండు మందుతోనే మానిపోయేదని పదిహేడో ఆయన దాచకుండా చెప్పాడు. చెబుతూ కళ్ళ ఎత్తులో కూర్చున్నాడు. అక్క అద్దంలో తన పాదం చూసుకుని, "ఎన్నేళ్ళకు చూశానే దీన్ని! చూద్దామనుకునేసరికి ఇద్దరు తగ్గారు" అంది. ఆ రోజు నోటుపుస్తకంలో షుగరు అంకె పక్కన కోపం గడిని ఖాళీగా వదిలేసింది. ఎవరి పేరు రాయాలో తేలలేదంది. నలభై పేర్లకు ఆ గడి చాలదు కూడా.

కట్లమ్మ ఉత్తీర్ణురాలు కానందువల్ల ఆమెకు దీర్ఘవ్యాధుల రోగులను తాకే అర్హత పోయింది. నలభై ఉత్తీర్ణతా పత్రాలనూ అందంగా రాసిన చెయ్యి కాబట్టి ఆమెను మేడ మీద పత్రాల విభాగానికే పంపారు. ఆమె ఖాళీగా ఉంచుకున్న పత్రం మీద సంచాలకులవారి పేరు రాయించారు. కట్లు కట్టే గదికి తగిన అర్హత ఉన్నవారు దొరికేదాకా తాళం వేశారు. అర్హత ఉన్న నలభై మందికీ కట్లు కట్టడం రాదు.

ఆర్నెల్ల తర్వాత నివేదిక వచ్చింది. గోడకు అతికించారు; చదివాను. అంతకుముందు నెలకు నూట అరవై మంది రోగులు కట్లు కట్టే గదికి వచ్చేవారు. శిక్షణ అనంతరం ఆ సంఖ్య సున్నాకు చేరింది. రోగులు తమను తాము చూసుకోవడం మొదలుపెట్టారనడానికి ఇదే రుజువని రాశారు. తాళం సంగతి నివేదికలో లేదు. అది వేరే విభాగం చూస్తుంది. ఆపరేషను గదిలో వేళ్ళు తీసే పని పెరిగిందని ఇంకో కాగితం ఉంది. అది వేరే గోడ మీద ఉంది. ఈ విజయాన్ని చూడటానికి దూరం నుంచి ఇతర ఆసుపత్రుల వాళ్ళు వస్తున్నారు. వాళ్ళకు తాళం వేసిన తలుపు చూపిస్తారు. ఎంత ప్రశాంతంగా ఉందో అంటారు వాళ్ళు. ఫొటోలు తీసుకుంటారు. బెంచీ మీద కూర్చున్న మమ్మల్ని కొంచెం పక్కకు జరగమంటారు.

బెంచీ మీద మేం ఎందుకు కూర్చుంటామని మీరు అడగవచ్చు. మంగళవారాలు అలవాటు. అంతే.

మీరు ఇంతసేపూ మధ్యలో ఒక్కమాట మాట్లాడకుండా విన్నారు. మూడుసార్లకు తక్కువ కాకుండా తల ఊపే ఉంటారు. అక్కడక్కడ అయ్యో అని కూడా అనుకుని ఉంటారు. నా దగ్గరున్న మార్కుల కాగితం మీద మిగతావి నేనే కలిపి మీకు ఏడు దాటించాను. అర్హులు కాబట్టి మిమ్మల్ని ఒక్కటి కోరుకుంటాను. మంగళవారం మధ్యాహ్నం, భోజనాల వేళ, మేడ మెట్ల కింద వేళ్ళకు సిరా అంటిన ఒకావిడ నేలమీద కూర్చుని, ఎవరి పాదాన్నో ఒళ్ళో పెట్టుకుని, కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి కనిపిస్తే, దయచేసి చూడనట్టు వెళ్ళిపోండి. మీకు కొత్త పనేమీ కాదు.